బకెట్లో ఇన్‌స్పెక్టరు

ఇన్‌స్పెక్టరు బకెట్లోకి దిగి ఆదివారానికి మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పట్టుమని నాలుగు మాటలు మాట్లాడింది లేదు.

ఇన్‌స్పెక్టరంటే చేప. అరచేతిలో సగం ఉంటుంది, నిమ్మపండు రంగు. గాజుతొట్టిలో ఏ కొత్త వస్తువు పెట్టినా ముందుగా వెళ్ళి మూతి ఆనించి తనిఖీ చేసేది కాబట్టి పొట్టి దానికి ఆ ఉద్యోగం ఇచ్చింది. ఇప్పుడది వెనక వసారాలో నీలం బకెట్లో, ఒక్క బుడగల గొట్టం తోడుగా, సస్పెండై ఉంది. సాయంత్రం నాలుగింటికి చేపల కొట్టాయన వచ్చి పట్టుకుపోతానన్నాడు.

పొట్టి తన సంచీ కూడా సర్దేసి ముందుగది గడప దగ్గర పెట్టింది.

"చేప ఈ గడప దాటితే నేనూ దాటుతా. ఆరు గంటల బస్సుకి పెద్దమ్మ వాళ్ళింటికి," అని శుక్రవారం ఒక్కసారి చెప్పింది. మళ్ళీ చెప్పలేదు. పొట్టికి ఇరవై ఏళ్ళు. ఒకసారి చెప్పి ఊరుకునే రకం. వాళ్ళ నాన్న భయం కూడా అదే.

ఆ నాన్న లిఫ్టు మేస్త్రి. పొద్దుట్నుంచి కూతురి సంచీకి రెండుసార్లు తట్టుకున్నాడు. దాన్ని పక్కకి జరిపే ధైర్యం మాత్రం చేయలేదు.

వంటింట్లోకి వచ్చి, చేతిలో ఉన్న గ్లాసుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "కొట్టాయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పనా?"

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ల్యాబమ్మ మాడిన గిన్నెను అరగదీస్తోంది. ల్యాబమ్మ అంటే ఆయన భార్య. వీధి చివరి ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. ఆ చుట్టుపక్కల ఆవిడ సూది రుచి చూడని మోచెయ్యి లేదు.

"చెప్పండి. వచ్చేవాడెలాగూ వస్తాడు, నా పగడాలు పట్టుకుపొమ్మనండి. మీ చేప మీకుంటుంది."

"అలా కాదు..."

"ఎలా మరి? నా కళ్ళతో చూశాను. నా దిండు పగడం మీద మూతి పెట్టి పీకుతోంది. ఎముక బయటపడింది. మీరూ చూశారు."

"చూశాను."

"చూసి?"

"పిల్లకి ఆ చేపంటే..."

"పిల్లకి చేప, నాకు పగడం. మధ్యలో మీరు లిఫ్టు. కాసేపు పైకి, కాసేపు కిందికి. ఏ అంతస్తులోనూ తలుపు తెరవరు!"

మేస్త్రికి కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. మామూలుగా భార్యని 'నువ్వు' అనే మనిషి, "చాలా బాగా సెలవిచ్చారండి మీరు," అని గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వెళ్తూ సంచీకి మూడోసారి తట్టుకున్నాడు.

వాళ్ళ పెళ్ళయి నాలుగు నెలలు. ఆయనకి యాభై రెండు, ఆవిడకి నలభై ఆరు. ఆయనకి ఇది రెండోది, ఆవిడకి మొదటిది. రెండిళ్ళ సామాను ఒకింట్లో సర్దడానికి పెద్దగా గొడవేమీ కాలేదు. గొడవంతా తొట్ల దగ్గరొచ్చింది. తల్లి పోయిన ఏడాది పొట్టి పెంచడం మొదలుపెట్టిన సముద్రపు చేపలు అటు, తొమ్మిదేళ్ళుగా ల్యాబమ్మ పెంచుకున్న పగడాలు ఇటు. రెండు తొట్లు పట్టే ఇల్లు కాదు. చివరికి పెద్దది ఒకటి కొని, ఉప్పునీళ్ళు కలిపి, అందరినీ అందులోకి దింపారు. అవి కలిసి బతికితే మనమూ బతుకుతామని, ల్యాబమ్మతో వచ్చిన ఆవిడ తల్లితో సహా, నలుగురూ అనుకున్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే.

దిండు ల్యాబమ్మకి ఉన్నవాటిలో పెద్దది. రాయిలా గట్టిగా ఉండే పగడం కాదది, కండ ఉన్న పగడం. లోపల ఎముక, దాని మీద తడిగుడ్డ కప్పినట్టు మెత్తటి కండ. ఒంట్లో బాగుంటే వెలుతురుకి ఉబ్బి, ఎర్రటి దిండులా పొంగి కూర్చుంటుంది. ఆవిడ తెచ్చుకున్నప్పుడు రెండు వేళ్ళ వెడల్పు. ఇప్పుడు పళ్ళెమంత. పది రోజులుగా అది ముడుచుకుపోయింది. ఒక పక్కన కండ చిరిగి, ఎముక అంచు తెల్లగా బయటికొచ్చింది. ఆసుపత్రి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా దాని ముందు నిలబడేది ల్యాబమ్మ. గురువారం అలా నిలబడ్డప్పుడే ఇన్‌స్పెక్టరు దొరికిపోయాడు.

మధ్యాహ్నం రెండయింది. కోపాలున్నా లేకపోయినా దిండుకి తిండి పెట్టాలి.

అది ఇద్దరు మనుషుల పని. ఊరికే మేత వేస్తే, దిండు నోరు తెరిచేలోగా రొయ్య వచ్చి లాక్కుపోతుంది. రొయ్య వదిలేసింది చారల చేపలు తింటాయి. అందుకని ల్యాబమ్మ ఒక నీళ్ళసీసా అడుగు కోసేసి, గంటలాగా దిండు మీద బోర్లిస్తుంది. పైన సీసా మూతిలోంచి సిరంజితో మేత వదులుతుంది. అది మింగేదాకా సీసా కదలకుండా, అంచు కండకి గీసుకోకుండా ఇంకొకరు పట్టుకోవాలి. మేస్త్రి చెయ్యి తొట్టిలో పెడితే రెండు రాళ్ళు పడతాయి. తొట్టి పక్కన కుర్చీలో కూర్చున్న ల్యాబమ్మ తల్లికి చేతులు వణుకుతాయి. మిగిలింది పొట్టి.

పిలవకుండానే వచ్చి నిలబడింది. గురువారం నుంచి దువ్వని జుట్టు, పైన పెన్సిలు గుచ్చి ముడేసుకుంది.

"చేతులు కడుక్కున్నావా?"

"ఊఁ."

"సబ్బుతో కాదు కదా?"

"నాలుగు నెలల్నుంచీ చెప్తూనే ఉన్నారు ఆంటీ. తెలుసు."

సీసా దిగింది. సిరంజి దిగింది. గులాబీ రంగు మేత నలుసులు దిండు మీద పడి, అక్కడే ఉండిపోయాయి. దిండు నోరు తెరవలేదు. మామూలుగా ఐదు నిమిషాల పని. ఐదయింది, పదయింది. మోచేతుల దాకా నీళ్ళలో పెట్టుకుని ఇద్దరూ పక్కపక్కనే, ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడ్డారు.

"మూడు రోజుల్నుంచి చేప బకెట్లో ఉంది," అంది పొట్టి నీళ్ళకేసి చూస్తూ.

"ఉంది."

"గురువారం గాయం చిటికెనవేలి గోరంత ఉంది. ఇవాళ బొటనవేలంత."

ల్యాబమ్మ గాయం వైపు వంగి చూసింది.

"పాత గాయం ముదిరి ఉంటుంది."

అంది కానీ ఆ మాట ఆవిడకే రుచించలేదు. తన దగ్గర పనిచేసే అమ్మాయి ఎవరైనా ఇలాంటి జవాబు చెప్పుంటే, కాయితం వెనక్కి విసిరికొట్టి మళ్ళీ పరీక్ష చెయ్యమనేది. మందు పెట్టినా రోగం పెరుగుతోందంటే రోగం అది కాదు. ఇంత చిన్న సంగతి మూడు రోజులు తట్టనందుకు ఆవిడకి తన మీద తనకే చిరాకేసింది.

"ఆంటీ."

"కదపకు."

"కదపట్లేదు. చూడండి."

సీసా లోపల దిండు అంచున సన్నటి మీసాలు బయటికొస్తున్నాయి. ఒకటి, మూడు, తర్వాత వరసగా. కండ మెల్లగా లేచింది. ముడతలు పోయాయి. నోరు గీతలా తెరుచుకుని ఒక నలుసును లోపలికి తీసుకుంది, ఆ వెనకే ఇంకోటి. పది రోజుల తర్వాత తినడం అదే. ల్యాబమ్మ ఊపిరి బిగబట్టింది. పొట్టి కూడా.

మింగడం అయ్యాక పొట్టి సీసాని మెల్లగా పైకి తీసింది. అంతే, దిండు చప్పున కుంచించుకుపోయింది.

"మళ్ళీ పెట్టు."

పెట్టింది. కొంతసేపటికి కండ మళ్ళీ లేచింది.

"తియ్యి."

తీస్తే ముడుచుకుంది.

"ఇంకోసారి."

ఒకసారైతే ఏదోలే అనుకోవచ్చు. మూడోసారీ అలాగే అయ్యేసరికి ల్యాబమ్మ సిరంజి పక్కన పడేసింది. సీసా లోపలా ఉప్పునీళ్ళే, బయటా ఉప్పునీళ్ళే. వెలుతురు ఒకటే. చేప లేనే లేదు. మరి బయట ఉన్నదేమిటి, లోపల లేనిదేమిటి? దిండు పక్కన అరచెయ్యి నిలువుగా పెట్టింది. నీళ్ళు ఆ చేతిని నెట్టేశాయి.

ఆవిడ తల తిప్పి నీళ్ళపంకా వైపు చూసింది.

తొట్టిలో నీళ్ళు కదలడానికి ఒక మూల పంకా ఉంటుంది. దాని మొహం ఎప్పుడూ పక్క అద్దం వైపు ఉండాలి. నీళ్ళు అద్దానికి కొట్టుకుని, జోరు తగ్గి, మెత్తగా పగడాల మీదికి రావాలి. ఇప్పుడా పంకా సూటిగా దిండుకేసి చూస్తోంది. గట్టి పగడమైతే ఆ జోరుకి సంతోషించేది. కండ ఉన్నది తట్టుకోలేదు. తోసే నీటికి దాని కండ దాని ఎముక అంచుకే రాసుకుని చిరుగుతుంది.

"చేప కాదు," అంది ల్యాబమ్మ.

పొట్టి సీసాని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"పొట్టీ, చేప కాదు! ఏవండీ! ఏవండీ, ఒకసారి ఇలా రండి!"

మేస్త్రి ఏం మునిగిందో అని పరుగెత్తుకొచ్చాడు. నాలుగోసారి సంచీకి తట్టుకుని, గోడ పట్టుకుని ఆగాడు.

"పంకా ఎవరు తిప్పారు?"

"నేనా? నేను దాని జోలికే పోను. నువ్వు వద్దన్నాక తొట్టి వైపు గట్టిగా దగ్గను కూడా దగ్గను."

'నువ్వు' వెనక్కి వచ్చినట్టు ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

లోపల పంకా, అద్దానికి బయట అయస్కాంతం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. బయటిదాన్ని మెలితిప్పితే లోపలిదీ తిరుగుతుంది. తిప్పడానికి చెయ్యి తడవక్కర్లేదు. ల్యాబమ్మ దాన్ని సరిచేద్దామని వంగింది. వంగగానే గుప్పున వాసన కొట్టింది. మోకాళ్ళ నొప్పుల మందు. అయస్కాంతం మీద జిడ్డుగా రెండు వేళ్ళ ముద్రలున్నాయి.

ఆ మందు రాసుకునే మనిషి ఇంట్లో ఒక్కరే. తొట్టికి మూడడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని, మడిచిన పేపరుతో విసురుకుంటోంది. అంటే, విసురుకుంటూ ఉండేది. ఇప్పుడా చెయ్యి ఆగిపోయింది.

"నేనే తిప్పాను," అంది పొట్టి.

మేస్త్రి నోరు తెరిచాడు. "నువ్వా? ఎప్పుడే?"

"ఎప్పుడో."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే తిప్పుతారుటే ఎవరైనా? ఇక్కడ కొంపలంటుకుపోతుంటే, బకెట్లూ సంచీలూ..."

ల్యాబమ్మ ఇంకా వంగే ఉంది. తన తల్లి మొహం చూడలేదు. పొట్టి మొహం చూసింది. సంచీ సర్దుకుని సాయంత్రం బస్సు ఎక్కబోయే పిల్ల, ఈ ఇంటి గొడవ ఏమైతే నాకేం అనుకోవాల్సిన పిల్ల, ముసలావిడ చెయ్యి ఆగడం చూసి, అడ్డం వచ్చి నిలబడింది. పొట్టి మీద ఇంత ప్రేమ తనకెప్పుడు పుట్టిందో ల్యాబమ్మకే తెలియలేదు.

"తిప్పితే తిప్పిందిలెండి," అంది లేస్తూ. "నేను మూడు రోజులు చేపని నిలదీసింది చాలు. మీరిప్పుడు పిల్లని నిలదీయకండి."

పంకా పక్క అద్దం వైపు తిరిగింది. దిండు చుట్టూ నీళ్ళు నెమ్మదించాయి.

"తప్పు నాది, పొట్టీ. ముందే దాన్ని దొంగ అనుకున్నాను. తర్వాత దొంగతనం చూశాను."

"నాకెందుకు చెప్తారు? దానికి చెప్పండి."

ల్యాబమ్మ తడి చేతులు చీరకి తుడుచుకుని నిజంగానే వసారాలోకి వెళ్ళింది. బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఏం చెప్పిందో ఎవరూ వినలేదు. మేస్త్రి మాత్రం తలుపు సందులోంచి చూసి, మూడు రోజుల్లో మొదటిసారి నవ్వుకున్నాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్ని వేల రిపోర్టులిచ్చిందో, దేనికీ ఎవరికీ సారీ చెప్పని మనిషి!

ఆ సందట్లో కొట్టాయనకి ఫోన్ చేయడం అందరూ మరిచిపోయారు. ఆయన గంట ముందే వచ్చేశాడు, భుజాన ప్లాస్టిక్ సంచులు వేసుకుని.

"ఏదండీ ముద్దాయి?"

"విడుదలైపోయాడు," అన్నాడు మేస్త్రి.

కథంతా విన్నాడు కొట్టాయన. అనవసరంగా రప్పించారని విసుక్కోలేదు. చేపను బకెట్లోంచి తొట్టిలోకి తిరిగి పంపే పని తనే అందుకున్నాడు. దాన్ని సంచీలోకి తీసి తొట్టిలో తేలేశాడు. గ్లాసుడు తొట్టినీళ్ళు సంచీలో పోసి ఆగడం, మళ్ళీ పోసి ఆగడం.

"నీళ్ళకి నీళ్ళు అలవాటు పడాలండి ముందు. తర్వాతే ప్రాణులు. తొందరపడితే చస్తాయి."

అరగంటకి సంచీ వంచాడు. ఇన్‌స్పెక్టరు బయటికొచ్చాడు. రాళ్ళన్నీ ఒక చుట్టు చుట్టాడు. పంకాని తనిఖీ చేశాడు, రొయ్యని అదిలించాడు. ఆ తర్వాత నేరుగా దిండు దగ్గరికి వెళ్ళి ఆగాడు.

పొట్టి పక్కనున్న చెయ్యి పట్టుకుంది. ఎవరిదో చూసుకోలేదు. అది ల్యాబమ్మది.

చేప మూతి ముందుకి చాచి ఒక్కసారి పీకింది. దిండు ముడుచుకోలేదు. ఇంకోసారి పీకింది. దిండుకి చీమ కుట్టినట్టయినా లేదు.

కొట్టాయన అద్దానికి ముక్కు ఆనించాడు. "ఎముక మీద పాచి పట్టిందండి. అది తింటోంది. కండ తాకితే ఇది ఊరుకుంటుందా? మీరు గురువారం చూసింది ఇదే అయ్యుంటుంది."

చేప పాచి మీద విసుగు పుట్టి పక్క రాయికి వెళ్ళిపోయింది. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. ల్యాబమ్మకి నవ్వొచ్చింది, కళ్ళు తడిశాయి, రెండూ దాచుకోలేదు. పొట్టి అప్పుడు చెయ్యి చూసుకుంది. చూసుకుని కూడా వెంటనే వదల్లేదు.

"ఒక్క మాట," అన్నాడు కొట్టాయన సంచులు మడుచుకుంటూ. "ఇవాళ పాచి తిన్నది రేపు కండ రుచి చూడదని నేను కాయితం రాసివ్వను. ఈ జాతి అంతే, ఒకటి జీవితాంతం బుద్ధిగా ఉంటుంది, ఇంకోటి ఉన్నట్టుండి మొదలెడుతుంది. దీనికి కడుపునిండా పెట్టండి. కడుపు నిండినవాడికి పక్కవాడి కంచం కనపడదు. ఓ రెండు వారాలు కనిపెట్టి చూడండి. పగలు ఇంట్లో ఎవరుంటారు?"

మేస్త్రికి లిఫ్టులు, ల్యాబమ్మకి ఆసుపత్రి, పొట్టికి కాలేజీ. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నేనుంటాగా," అంది కుర్చీలోంచి ముసలావిడ, పొద్దుట్నుంచి మొదటిసారి నోరు విప్పి. "కూర్చుని చూస్తూ ఉంటాను. ఏదీ ముట్టుకోను."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. అడిగినవాళ్ళు లేరు, అన్నవాళ్ళు లేరు.

"మీరేం ముట్టుకున్నారు అత్తయ్యా?" అన్నాడు మేస్త్రి అమాయకంగా.

ఇంటి గుట్లు చాలా చూసినవాడు కాబట్టి కొట్టాయన వస్తానండీ అని చెప్పులేసుకున్నాడు.

ఆయన అడుగుల చప్పుడు మెట్ల మీద వినిపించనంత దూరం పోయాక ముసలావిడ చెప్పింది. "కిందటి వారం అది కొంచెం ముడుచుకుని కనపడింది. పాపం ఉక్కపోస్తోందేమో అనుకున్నాను. నీకు చిన్నప్పుడు జ్వరమొస్తే పంకా నీకేసి తిప్పేదాన్ని. అలాగే తిప్పాను. ఇంకా ముడుచుకుంది. గాలి చాలటం లేదేమోనని ఇంకాస్త తిప్పాను."

"తెలుసమ్మా."

"తెలుసా? తెలిసీ ఊరుకున్నావా?"

"మందు వాసన కొట్టింది. ఈలోగా పొట్టి అడ్డమొచ్చింది. మరి నేనేం మాట్లాడను?"

ముసలావిడ పొట్టిని దగ్గరికి రమ్మని సైగ చేసింది. "ఏమే పిల్లా, నా నేరం నీ నెత్తినెందుకేసుకున్నావు?"

పొట్టి కాలి బొటనవేలితో గచ్చు రాస్తూ అంది. "నేనెలాగూ వెళ్ళిపోతున్నా కదా, నన్ను తిట్టుకున్నా పర్లేదు అనుకున్నా. నాకైతే పెద్దమ్మ వాళ్ళిల్లుంది. మీకు ఈ ఇల్లే కదా ఉంది."

మేస్త్రి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కడ చూడ్డానికి ఎదురింటి గోడ తప్ప ఏమీ లేదు. పొద్దు వాలేదాకా దాన్నే చూశాడు.

వీధి మలుపులో ఆరు గంటల బస్సు హారన్ వినపడింది. పొట్టి గడప దగ్గరికి నడిచింది. ల్యాబమ్మ లేవబోయి ఆగింది. పొట్టి సంచీ జిప్పు లాగి, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి, దువ్వెన ఒక్కటి బయటికి తీసింది. వచ్చి ముసలావిడ కాళ్ళ దగ్గర కూర్చుని, జుట్టులో పెన్సిలు పీకేసి, దువ్వెన వెనక్కి అందించింది. నాలుగు నెలలుగా ప్రతి సాయంత్రం జరిగే పనే.

"మందు చేతులతో వద్దు, కడుక్కుని రండి అమ్మమ్మా."

"కడుక్కున్నానే. ఎప్పుడో కడుక్కున్నా."

ల్యాబమ్మ సంచీకేసి చూసింది. "మిగతా బట్టలు?"

"దిండు మానాక తీస్తా."

"రెండు నెలలు పట్టొచ్చు. ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు."

"పట్టనీండి."

"అప్పటిదాకా రోజూ నేను దానికి తట్టుకుని పడాలా?" అన్నాడు మేస్త్రి గోడ మీంచి చూపు తిప్పకుండా.

ల్యాబమ్మ లేచింది. సంచీని గడప దగ్గర్నుంచి ఎత్తి, లోపలికి తెచ్చి, తొట్టి పక్కనున్న బీరువాకి ఆనించి పెట్టింది. పొట్టి తల దువ్వెనకి చిక్కుకుని ఉంది కాబట్టి కళ్ళు మాత్రమే తిప్పి చూసింది. పెట్టిన చోటు బాగోలేదని అనలేదు.